మీకు తెలుసా? అంగిట్లో ఆ బుడిపె ఎముకే!

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు కొందరికి జొన్నరొట్టె గట్టి అంచు గీరుకున్నాకే అంగిట్లో బుడిపె ఉందని తెలుస్తుంది. రొట్టె తప్పేం లేదు లెండి! క్యాన్సరేమోనని హడలిపోతారు. అంగిలి నడుమ, లేదా కింది దవడ లోపలివైపు ఏళ్ల తరబడి మెల్లగా పెరిగే ఈ గట్టి ఎముకను ‘టోరస్’ అంటారు. లాటిన్‌లో ఉబ్బు అని అర్థం. హాని లేదు. కట్టుడు పళ్ల సెట్టుకు అడ్డొస్తేనో, మాటిమాటికీ ఒరుసుకుపోతేనో తీస్తారు. మెత్తగా ఉన్నా, త్వరగా పెరిగినా, దానిమీది పుండు 2 వారాల్లో మానకున్నా డాక్టరుకు చూపించాల్సిందే.

టోరస్ తీయించుకున్నా, నోట్లో మరే కోత పడినా, ఆ తర్వాత వాపు 2, 3 రోజులు పెరిగి తగ్గుతుంది. కానీ పన్ను పీకించుకున్న మూడో రోజుకు నొప్పి తగ్గకపోగా చెవిదాకా పాకితే, గుంతలో గడ్డకట్టిన రక్తం ఊడిపోయి ఎముక బయటపడి ఉండొచ్చు. బీడీ తాగేవాళ్లకు ఈ బాధ ఎక్కువ.