నల్ల పూత కింద తుప్పు

అమెరికా, కెనడాల్లో మంచు బాగా కురిసే చోట ఉంటున్న మనవాళ్లు పికప్ ట్రక్కు కొన్నాక అడిగే ప్రశ్న దాదాపు ఒకటే: "డీలరు బండి అడుగున నల్లగా రబ్బరు పూత కొట్టించి ఇచ్చాడు. ఇక తుప్పు భయం లేనట్టేనా?" అలా అనుకోవడానికి లేదు. ఆ పూత ఒక్కచోట చిట్లిందంటే, అసలు పూతే లేని బండి కంటే అక్కడ ముప్పు ఎక్కువ. ఈ మాట చెబితే చాలామందికి మింగుడుపడదు. గాలీ తడీ తగలకుండా కప్పేస్తే ఇనుముకు తుప్పు పట్టదని బళ్లో చదువుకున్నాం కదా అంటారు. చదువుకున్నది నిజమే. కాకపోతే ఆ కప్పడం ఎక్కడా వెంట్రుకవాసి సందు లేకుండా కుదరాలి. రోజూ కంకర ఎగిరొచ్చి తగిలే చోట, గుంటలో పడ్డప్పుడల్లా ఫ్రేము మెలిపడే చోట, అతుకు మీద అతుకు ఉన్న చోట అది కుదిరే పని కాదు.

ముందు మంచు మీద నింద తీసేయాలి. బండిని తినేది మంచు కాదు, మంచు కరగడానికి రోడ్డు మీద చల్లే ఉప్పు. అమెరికాలో రోడ్లకు ఉప్పు చల్లడం 1930ల చివర్లో న్యూ హ్యాంప్‌షైర్ రాష్ట్రంలో ప్రయోగంగా మొదలై, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఉత్తరాది అంతటా పాకింది. ఇప్పుడు ఒక్క అమెరికాలోనే ఏడాదికి సుమారు 2 కోట్ల టన్నులు చల్లుతున్నారు. ఆ ఉప్పు ఎక్కడిదో తెలిస్తే ఆశ్చర్యం వేస్తుంది. ట్రక్కుల తయారీకి పేరుపడ్డ డెట్రాయిట్ నగరం కిందే, సుమారు 350 మీటర్ల లోతున, ఎప్పుడో కోట్ల ఏళ్ల కిందట ఎండిపోయిన సముద్రం వదిలిన ఉప్పు పొర ఉంది. దాన్ని 1910 ప్రాంతం నుంచి తవ్వుతున్నారు. సరిహద్దుకు అవతల ఒంటారియోలో, గోడరిచ్ ఊరి దగ్గర హ్యూరాన్ సరస్సు కింద ఉన్నది ప్రపంచంలోకెల్లా పెద్ద భూగర్భ ఉప్పు గని. బండీ ఆ నేల మీదే పుడుతుంది, దాన్ని తినేదీ ఆ నేలలోంచే వస్తుంది.

ఇదివరకు ఉప్పు గళ్లే చల్లేవారు. వాటిలో కొన్ని దొర్లి పక్కకు పోయేవి. ఇప్పుడు మంచు తుఫాను రాకముందే ఉప్పునీళ్లు కూడా పోస్తున్నారు. ట్యాంకరు వెనక వరసగా గొట్టాలు వేలాడుతుంటాయి, అవి వెళ్లిన దారిలో తారు మీద దువ్వెనతో గీసినట్టు తెల్లటి చారలు ఆరుతుంటాయి. ఆ నీళ్లలో ఉప్పు 23 శాతం ఉంటుంది. ఆ పాళ్లలో కలిపితే మైనస్ 21 డిగ్రీల దాకా గడ్డకట్టదు, అందుకే ఆ లెక్క. రోడ్ల శాఖకు ఇది మంచి పద్ధతే, తక్కువ ఉప్పుతో పని జరుగుతుంది. బండికి మాత్రం కష్టం. గళ్లు తగిలి రాలిపోతాయి. నీళ్లు చక్రం చిమ్మితే ప్రతి బోల్టు వెనక్కీ, ఫ్రేము లోపలికీ చేరతాయి.

చలి మరీ ముదిరితే మామూలు ఉప్పు సరిగా పనిచేయదని కాల్షియం క్లోరైడ్, మెగ్నీషియం క్లోరైడ్ కలుపుతారు. వీటితో ఇంకో చిక్కు ఉంది. మామూలు ఉప్పు చెమ్మగిల్లాలంటే గాలిలో తేమ 75 శాతం దాటాలి. విశాఖ, కాకినాడ తీరంలో ఉన్నవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు, కిటికీ చువ్వలు చూస్తే తెలుస్తుంది. కాల్షియం, మెగ్నీషియం క్లోరైడ్లకు అందులో సగం కూడా అక్కర్లేదు, మూడోవంతు తేమ చాలు. ఎండ కాసి రోడ్డు పొడిగా కనిపిస్తున్న రోజున కూడా ఫ్రేము మీద ఆ పొర గాలిలోంచి నీరు లాక్కుంటూ తడిగానే ఉంటుంది. "వారం నుంచి మంచు లేదు కదా, కడగడం ఎందుకు" అన్న మాట ఇక్కడే తప్పవుతుంది.

ఇక అసలు విషయం. తుప్పు ఎక్కడ తింటుంది? గాలి బాగా తగిలే చోట అని అందరూ అనుకుంటారు. జరిగేది దానికి తలకిందులు. కేంబ్రిడ్జిలో పనిచేసిన యులిక్ ఎవాన్స్ 1920ల్లో దీన్ని ఒక్క చుక్క నీటితో చూపించాడు. తుప్పు గురించి చదివినవాటిలో నాకు ఇంతకంటే అందమైన ప్రయోగం కనపడలేదు, కాబట్టి తాపీగా చెబుతాను. బాగా రుద్ది మెరిపించిన ఉక్కు పలక మీద ఒక ఉప్పునీటి చుక్క పెట్టాడు. అందులో రెండు రసాయనాలు కలిపాడు. ఒకటి, ఇనుము కరిగి నీళ్లలోకి వస్తే నీలం రంగు చూపిస్తుంది. రెండోది, క్షారం పుడితే గులాబీ రంగు చూపిస్తుంది. మొదట చుక్క నిండా నీలం, గులాబీ మచ్చలు కలగాపులగంగా వచ్చాయి. కాసేపటికి అవి విడిపోయాయి. గులాబీ అంతా చుక్క అంచుకు జరిగింది. నీలం అంతా నడిమధ్యకు చేరింది. రెంటికీ మధ్యలో గోధుమరంగు వలయం ఒకటి ఏర్పడింది, అదే తుప్పు.

జరిగిందేమిటంటే, చుక్క అంచున నీరు పలచన, గాలిలోని ఆక్సిజన్ అక్కడ సులువుగా దిగుతుంది. నడుమ నీరు మందం, అక్కడున్న కాస్త ఆక్సిజన్ మొదట్లోనే ఖర్చయిపోయి మళ్లీ అందదు. ఆక్సిజన్ పుష్కలంగా ఉన్న అంచు ఎలక్ట్రాన్లు అడుగుతుంది. వాటిని ఇచ్చేది ఆక్సిజన్ కరువైన నడిమి ఇనుము. అక్కడి ఇనుము ఎలక్ట్రాన్లను లోహం గుండా అంచుకు పంపి, తాను కరిగి నీళ్లలోకి దిగిపోతుంది. అంటే చిన్న బ్యాటరీ నడుస్తోందన్నమాట. ఉప్పు చేసే పనేమిటంటే ఆ నీటిని మంచి వాహకంగా మార్చి బ్యాటరీని జోరుగా నడిపించడం. కరిగిన ఇనుము, అంచున పుట్టిన క్షారం నడిదారిలో కలుసుకున్న చోట గోధుమరంగు పొడి రాలుతుంది. కంటికి తుప్పు కనిపించేది ఒక చోట, లోహం తరిగేది ఇంకో చోట.

ఇది ఇంట్లో చేసి చూడొచ్చు. గరుకు కాగితంతో రుద్దిన ఇనుప రేకు మీద ఒక ఉప్పునీటి చుక్క పెట్టి, ఆరిపోకుండా పైన గాజు గ్లాసు బోర్లించండి. పిల్లలుంటే వాళ్లనీ పిలవండి. కొన్ని గంటలకు వలయం వస్తుంది. మర్నాడు చుక్క తుడిచి భూతద్దంతో చూస్తే గోధుమరంగు గీత లోపలివైపు లోహం మసకబారి గరుకుగా ఉంటుంది, అంచు మాత్రం మెరుస్తూనే ఉంటుంది.

ఆ చుక్కను ఇప్పుడు ట్రక్కు కిందికి తీసుకెళ్దాం. ఆక్సిజన్ అందని నడిమి భాగం అక్కడ ఏది? ఫ్రేము మీద మట్టి పేరుకున్న చోటు. రెండు రేకులు మడిచి కలిపిన సందు. కమాను కట్టల్లో పట్టీకీ పట్టీకీ మధ్య. అన్నిటికంటే ముఖ్యంగా, గట్టి రబ్బరు పూత కొద్దిగా లేచిన చోట దాని అడుగు. ఉప్పునీరు చీలికలోంచి దూరి పూత కింద పాకుతుంది. బయట గాలి, లోపల ఊపిరాడని తడి. ఎవాన్స్ చుక్క ఇక్కడ మూతేసుకుని నడుస్తుంది. తుప్పు ఇనుము కంటే రెట్టింపుకు మించి చోటు తీసుకుంటుంది కాబట్టి పూతను ఇంకాస్త పైకి లేపుతుంది, ఇంకాస్త నీరు దిగుతుంది. పైనుంచి చూస్తే అంతా నల్లగా నున్నగా ఉంటుంది. ఎగుడుదిగుడు గమనించేసరికి లోపల రేకు కాగితమై ఉంటుంది.

ఫ్రేము పోతే ట్రక్కు పోయినట్టే. టయోటా టకోమా పికప్‌ల సంగతి చూడండి. 1995 నుంచి 2000 దాకా వచ్చిన మోడళ్లలో ఫ్రేములు తుప్పుకు చిల్లులు పడితే, 2008లో కంపెనీ అలాంటి బండ్లను మార్కెట్ ధరకు ఒకటిన్నర రెట్లు ఇచ్చి వెనక్కి కొంది. ఆ తర్వాతి టకోమాలు, టండ్రాలు, సెకోయాల ఫ్రేముల మీద నడిచిన వ్యాజ్యం 2016లో 340 కోట్ల డాలర్ల దాకా విలువ కట్టిన రాజీతో ముగిసింది. ఫోర్డ్ ఎఫ్-150 బాడీని 2015 మోడల్ నుంచి అల్యూమినియంతో చేస్తున్నారు కదా, దానికి తుప్పేమిటి అనేవాళ్లున్నారు. బాడీ అల్యూమినియమే, కింద మోసే ఫ్రేము ఇప్పటికీ ఉక్కే.

ప్రాణం మీదికి తెచ్చేది మాత్రం బ్రేకు పైపులు. ఆ ఉక్కు గొట్టం గోడ మందం ముప్పావు మిల్లీమీటరు కూడా ఉండదు. అది ఫ్రేము వెంబడే, మట్టి నిలిచే క్లిప్పుల్లోంచి వెనక్కి వెళుతుంది. 1999 నుంచి 2003 దాకా వచ్చిన జనరల్ మోటార్స్ పెద్ద పికప్‌లలో, ఎస్‌యూవీల్లో ఈ పైపులు తుప్పుకు చిట్లుతున్నాయని ఫిర్యాదులు వచ్చాయి. అమెరికా రోడ్డు భద్రతా సంస్థ విచారణ జరిపి, 2015 ఏప్రిల్‌లో రీకాల్ లేకుండానే ముగించింది. ఉప్పు చల్లే రాష్ట్రాల్లో పాత బండ్లున్నవాళ్లంతా అడుగుభాగం తరచుగా కడుక్కోవాలని, బ్రేకు పైపులు చూపించుకోవాలని అప్పుడే హెచ్చరించింది. తుప్పు బాగా పట్టిన పైపును ఒక ముక్క కోసి అతకడం తప్పు, వరస మొత్తం మార్చాలి. మార్చేటప్పుడు నికెల్-రాగి మిశ్రమం పైపు వేయమని అడగండి, అది ఉప్పుకు లొంగదు. వెనక ఇరుసు మధ్యలో ఉండే దళసరి పోత ఇనుప గుండు ఎర్రబడితే మాత్రం కంగారు అక్కర్లేదు. అది చూసి బెంబేలెత్తి, పక్కనే సన్నగా పోతున్న పైపును పట్టించుకోనివాళ్లను చూస్తే నాకు దిగులేస్తుంది.

మరి ఏం పూయాలి? ఎండి గట్టిపడనిది పూయాలి. ఆవకాయ పెట్టే ఇళ్లలో ఈ సూత్రం అందరికీ తెలిసిందే. జాడీకి ఎంత గట్టి మూత బిగించినా ముక్క మునిగేలా నూనె లేకపోతే బూజు వస్తుంది. నూనె ముక్కల సందుల్లోకి దిగుతుంది, గరిటె పెట్టి కదిలిస్తే మళ్లీ తనంతట తానే సర్దుకుంటుంది. బండికి కూడా అలా పాకే నూనె కావాలి: గొర్రె ఉన్నిలోంచి తీసే లానోలిన్ కలిపినవి, లేదా పెట్రోలియం నూనెతో చేసినవి. రాయి తగిలి గీత పడితే చుట్టుపక్కల నూనె మళ్లీ అక్కడికి చేరుతుంది. చీలికే ఉండదు కాబట్టి చీలిక కింద చెమ్మ ఉండదు. ముక్కను తుడిచి ఆరబెట్టాకే ఊరగాయ కలుపుతాం. అలాగే అడుగంతా కడిగి, ఒకటి రెండు రోజులు ఆరనిచ్చి, పొలుసులు ఇనుప బ్రష్షుతో గీకి, ఆ తర్వాతే కొట్టించాలి. మూడోనాడు జాడీ తెరిచి నూనె తేలిందో లేదో చూసినట్టు, కొట్టించిన కొన్ని వారాలకు టార్చిలైటు పట్టుకుని కిందికి దూరి, చక్రాల వెనక కడుక్కుపోయిన చోట మళ్లీ వేయాలి. జాడీలో నూనె తగ్గితే కాచి చల్లార్చి పోస్తాం కదా, ఇదీ ఏటా వేయాల్సిందే. సెప్టెంబరు, అక్టోబరు సరైన కాలం.

కొట్టేవాడు ఫ్రేము బయట నల్లగా మెరిపించి పంపేస్తే డబ్బులు దండగ. చాలా ట్రక్కుల్లో ఫ్రేము డొల్ల గొట్టం, తుప్పు లోపలి నుంచి తింటుంది. రంధ్రాల్లోంచి పొడవాటి గొట్టం దూర్చి లోపల నలువైపులా చిమ్మాలి. నీరు కారే రంధ్రాలు మూసుకుపోకూడదు. బ్రేకు డిస్కులకూ, సైలెన్సర్ గొట్టానికీ, రబ్బరు బుష్‌లకూ నూనె తగలకూడదు. కొన్ని రోజులు నూనె కారుతుంది, ఉన్ని నూనైతే గొర్రెల వాసన కూడా వస్తుంది. కారుతోందంటే సందుల్లోకి పాకుతోందని.

బ్యాటరీకి తగిలిస్తే చాలు, కరెంటుతో తుప్పు ఆపుతానని చెప్పే ఎలక్ట్రానిక్ పెట్టెల గురించీ అడుగుతుంటారు. వాటిని కొనకండి. అలాంటిది అమ్మిన ఒక సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1990ల్లోనే చర్య తీసుకుంది. తాయెత్తు కట్టుకుని జ్వరం తగ్గిందనుకున్నట్టే ఇది. ఆ పెట్టెల వెనక చెప్పే సైన్సు మాత్రం అబద్ధం కాదు, అందుకే చదువుకున్నవాళ్లు కూడా మోసపోతున్నారు. 1824లో రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ బ్రిటిష్ యుద్ధనౌకల రాగి తొడుగుకు ఇనుము, జింకు ముక్కలు తగిలించి, రాగికి బదులు అవే కరిగేలా చేసి, రాగి తినిపోకుండా ఆపి చూపించాడు. ఎంత బాగా ఆపాడంటే, రాగి కరగడం మానేసేసరికి సముద్రజీవులకు దాని విషం తగలక, గుల్లలు తొడుగంతా అతుక్కుని ఓడలు నెమ్మదించాయి. నౌకాదళం ఆ పద్ధతిని వదిలేసుకుంది. ఓడలకూ, భూమిలో పూడ్చిన పైపులైన్లకూ ఆ సూత్రం ఈనాటికీ వాడుతున్నారు. ఓడ చుట్టూ తెంపులేని సముద్రం ఉంటుంది, కరెంటు దాని గుండా తిరిగి వస్తుంది. ట్రక్కు చుట్టూ ఉన్నది గాలి. ఒక చుక్క ఇక్కడ, ఒక చుక్క అక్కడ. కరెంటుకు దారే లేదు.

కడగడం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఎండ వచ్చి చలి సున్నా డిగ్రీలు దాటిన ప్రతిసారీ అడుగు కడగాలి, వాడిన నీళ్లనే మళ్లీ చిమ్మే చోట కాదు, మంచినీళ్లు వచ్చే చోట. వసంతంలో చివరి ఉప్పు చల్లాక ఒకసారి ఫ్రేము లోపలికి గొట్టం పెట్టి, బయటికి వచ్చే నీళ్లు తేటపడేదాకా కడగండి. వెచ్చటి గ్యారేజీలో పెడితే బండి భద్రం అనుకోవద్దు. కడగని బండి మీది మంచు అక్కడ రాత్రంతా కరుగుతూ తుప్పుకు కావలసిన వేడినీ తడినీ కలిపి అందిస్తుంది. కడిగే వీలు లేని రాత్రి, గడ్డకట్టే చలిలో బయటే వదిలేయడం మేలు.

పాత ట్రక్కు కొనబోయేవాళ్లకు ఒక మాట. పదేళ్లు ఒహాయోలోనో మిషిగన్‌లోనో తిరిగిన బండి అడుగు నిన్ననే పూత వేసినట్టు నల్లగా నిగనిగలాడుతుంటే అనుమానించండి. వెనక చక్రాల పైన ఫ్రేము వంపు తిరిగే చోట, కమాను కట్ట కొక్కేల దగ్గర చిన్న సుత్తితో తట్టండి. మంచి ఉక్కు ఖంగుమంటుంది. చచ్చిన చప్పుడు వచ్చినా, పెళ్ల ఊడినా బేరం అక్కడితో ఆపేయండి. తట్టనివ్వనని యజమాని అంటే లోపల చూడక్కర్లేదు, వచ్చేయండి.