వర్చువల్ మెషీన్‌లో డిస్క్ ఎర్రర్ వచ్చిందా? కంగారులో ఆ ఒక్క ఫైల్ డిలీట్ చేశారో.. అంతే సంగతులు!

ఉన్న విండోస్‌ను కదపకుండానే ఉబుంటునో, కాలీ లైనక్స్‌నో నేర్చుకోవాలనుకునే వాళ్లకు వర్చువల్ మెషీన్ మంచి దారి. ల్యాప్‌టాప్ లోపలే ఇంకో కంప్యూటర్ అన్నమాట. బీటెక్ ల్యాబ్ ప్రాక్టీస్ నుంచి సైబర్ సెక్యూరిటీ కోర్సుల దాకా దీని వాడకం ఎక్కువే. అయితే ఇన్‌స్టాలేషన్ సగంలో ఉండగా 'డిస్క్ ఎర్రర్' అని కనిపించగానే చాలామంది రెండు పనులు చేస్తారు. ఒకటి, ల్యాప్‌టాప్ హార్డ్ డిస్క్ పోయిందేమోనని భయపడటం. రెండోది, స్పేస్ కోసం కనిపించిన పెద్ద ఫైళ్లన్నీ డిలీట్ చేసేయడం. నిజానికి డేంజర్ అంతా ఈ రెండో పనిలోనే ఉంది.

అసలు అక్కడున్న డిస్క్ ఏది?

వీఎం లోపల కనిపించేది నిజమైన హార్డ్ డిస్క్ కాదు. మీ ల్యాప్‌టాప్‌లో ఉండే ఒక పెద్ద ఫైల్. వర్చువల్‌బాక్స్‌లో దాన్ని వీడీఐ అంటారు, వీఎంవేర్‌లో వీఎండీకే, హైపర్-వీలో వీహెచ్‌డీఎక్స్. కొత్తగా ఇన్‌స్టాల్ అవుతున్న ఓఎస్ మాత్రం దాన్నే అసలు డిస్క్ అనుకుంటుంది. కాబట్టి ఎర్రర్ వస్తే అనుమానించాల్సినవి మూడు.. ల్యాప్‌టాప్ అసలు డిస్క్, ఈ ఫైల్, మీరు డౌన్‌లోడ్ చేసిన ఐఎస్ఓ. వీటిలో అసలు డిస్క్ పాడవడం అన్నది చివరగా అనుమానించాల్సిన విషయం.

ఉబుంటు ఇన్‌స్టాలర్ 'ఎరేజ్ డిస్క్' అని అడిగినప్పుడు కూడా ఇదే భయం. వీఎం లోపల అది చెరిపేది ఆ ఫైల్‌లో ఉన్నదాన్నే, మీ సీ డ్రైవ్‌ను ముట్టుకోదు. డౌట్ ఉంటే అక్కడ చూపించే డిస్క్ పేరు, సైజు చూడండి. వర్చువల్‌బాక్స్‌లో అయితే 'వీబాక్స్ హార్డ్‌డిస్క్' అనే పేరు, మీరు ఇచ్చిన 25 జీబీ సైజు కనిపిస్తాయి. అలా కాకుండా మీ ఎస్ఎస్‌డీ కంపెనీ పేరు, 512 జీబీ కనిపిస్తే మాత్రం అక్కడే ఆగిపోండి. అంటే మీరు వీఎంలో లేరు, పెన్‌డ్రైవ్‌తో అసలు ల్యాప్‌టాప్‌నే బూట్ చేశారు. ఇక్కడ నెక్స్ట్ కొడితే డేటా నిజంగానే పోతుంది.

సగంలో ఆగిపోవడానికి పెద్ద కారణం ఇదే

వీఎం తయారు చేసేటప్పుడు 50 జీబీ ఇచ్చినా, 'డైనమిక్' ఆప్షన్‌లో ఆ ఫైల్ మొదట చిన్నగానే ఉంటుంది. లోపల ఓఎస్ కాపీ అవుతున్న కొద్దీ పెరుగుతూ పోతుంది. ల్యాప్‌టాప్‌లో నిజంగా ఖాళీ ఉన్నది 12 జీబీనే అయితే? వీఎం తన దగ్గర 50 జీబీ ఉందనే అనుకుంటుంది, బయట మాత్రం చోటు అయిపోతుంది. అప్పుడు వర్చువల్‌బాక్స్ 'హోస్ట్ డిస్క్ నిండింది' అని చెప్పి వీఎంను పాజ్ చేస్తుంది.

పాజ్ అయింది కదా అని పవర్ ఆఫ్ కొట్టేయొద్దు. విండోస్‌లో రీసైకిల్ బిన్, డౌన్‌లోడ్స్‌లో పాత సినిమాలు, వాడని ఐఎస్ఓలు తీసేసి చోటు చేస్తే చాలు. తర్వాత రెజ్యూమ్ నొక్కితే ఆగిన చోటి నుంచే కదులుతుంది.

ఇక్కడే అసలు జాగ్రత్త. వీఎం ఫోల్డర్‌లో 'స్నాప్‌షాట్స్' అని ఇంకో ఫోల్డర్ ఉంటుంది. పేర్లు అర్థంకాని నంబర్లలా ఉంటాయి కాబట్టి చెత్త ఫైళ్లేమో అనిపిస్తుంది. కానీ స్నాప్‌షాట్ తీసుకున్న తర్వాత మీరు చేసిన పనంతా వాటిలోనే సేవ్ అవుతుంది. ఫైల్ ఎక్స్‌ప్లోరర్ నుంచి ఒక్కటి తీసేసినా వీఎం తెరుచుకోకపోవచ్చు. తీసేయాలంటే వర్చువల్‌బాక్స్ మెనూలోంచే తీయాలి. దానికి కూడా కాసేపు అదనంగా చోటు కావాలి, అందుకే డిస్క్ పూర్తిగా నిండకముందే ఆ పని చేసుకోవాలి. ఇంకో మాట.. వీఎం లోపల ఫైళ్లు డిలీట్ చేసినంత మాత్రాన బయట వీడీఐ సైజు తగ్గదు.

ఐఎస్ఓ సరిగ్గా దిగిందా?

ఫైళ్లు కాపీ అవుతుండగా ఉబుంటు 'ఇన్‌పుట్/అవుట్‌పుట్ ఎర్రర్' అంటే చాలాసార్లు తప్పు ఐఎస్ఓది. ఉబుంటు 24.04 ఐఎస్ఓనే 5 జీబీకి పైగా ఉంటుంది. మొబైల్ హాట్‌స్పాట్‌తో దింపుతూ మధ్యలో నెట్ కట్ అయితే ఫైల్ పాడయ్యే ఛాన్స్ ఉంది. ఉబుంటు సైట్‌లో ప్రతి ఐఎస్ఓకీ షా-256 అనే పొడవాటి కోడ్ ఇస్తారు. విండోస్ పవర్‌షెల్‌లో 'గెట్-ఫైల్‌హ్యాష్' కమాండ్‌తో మీ ఫైల్ కోడ్ తీసి, రెండూ పోల్చండి. ఒక్క అక్షరం తేడా ఉన్నా మళ్లీ డౌన్‌లోడ్ చేసుకోవాల్సిందే. ఇక స్టార్ట్ చేయగానే 'నో బూటబుల్ మీడియం' అని వస్తే గొడవే లేదు. సెట్టింగ్స్‌లో స్టోరేజ్‌కి వెళ్లి ఐఎస్ఓ అటాచ్ అయిందో లేదో చూస్తే చాలు.

డిస్కే కనిపించడం లేదంటే..

ప్రాక్స్‌మాక్స్, కేవీఎం వాడేవాళ్లకు ఇది బాగా తెలిసిన తలనొప్పి. డిస్క్‌ను 'వర్ట్‌ఐఓ'గా పెడితే స్పీడ్ బాగుంటుంది కానీ, విండోస్ సెటప్‌లో దాని డ్రైవర్ ఉండదు. దాంతో డ్రైవ్‌లేవీ లేవని చెప్పేస్తుంది. వర్ట్‌ఐఓ డ్రైవర్ల ఐఎస్ఓను రెండో సీడీగా తగిలించి, సెటప్‌లో 'లోడ్ డ్రైవర్' కొడితే డిస్క్ ప్రత్యక్షమవుతుంది. పాత విండోస్ ఎక్స్‌పీకి సాటా డ్రైవర్ కూడా ఉండదు. దానికి ఐడీఈ కంట్రోలర్ పెడితే బ్లూ స్క్రీన్ బాధ తప్పుతుంది. విండోస్ 11కి మాత్రం 64 జీబీ డిస్క్ ఉండాలన్నది మైక్రోసాఫ్ట్ రూల్. 20 జీబీ ఇచ్చి సెటప్‌ను తిట్టుకుంటే లాభం లేదు. 'ఈ డిస్క్ జీపీటీ స్టైల్‌లో ఉంది' అంటూ ఆగిపోతే, వీఎం సెట్టింగ్స్‌లో ఈఎఫ్ఐ ఆన్ చేసి మళ్లీ మొదలుపెట్టండి.

ఫ్రెండ్ దగ్గర రెడీగా ఉన్న వీడీఐ పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకుందామనుకుంటే, ఆ పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉండకూడదు. 4 జీబీ దాటిన ఫైల్ అందులో పట్టదు. ఎక్స్‌ఫ్యాట్ అయితే ఇబ్బంది ఉండదు.

ఇవన్నీ చూశాక కూడా అదే ఎర్రర్ వస్తూ, వీఎం ఆపేసినా ల్యాప్‌టాప్‌లో ఫైళ్లు తెరవడానికి మొరాయిస్తుంటే అప్పుడు అసలు డిస్క్‌ను అనుమానించాలి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఫ్రీ టూల్‌లో 'కాషన్' లేదా 'బ్యాడ్' అని చూపిస్తే, ముందు ఫొటోలు, ప్రాజెక్ట్ ఫైళ్లు వేరే డ్రైవ్‌లోకి బ్యాకప్ తీసుకోండి. వీఎం సంగతి తర్వాత చూసుకోవచ్చు.