మబ్బు చాటున మునిగిన పొలం

పొందూరులో ఆడవాళ్లు వాలుగ చేప దవడతో పత్తి ఏకుతారు. రాట్నం మీద సన్న నూలు వడుకుతారు. ఆ పోగు ఎంత సన్నమంటే, మబ్బు పట్టి ఇల్లు చీకటైతే కంటికి ఆనదు. వెలుతురు కావాలి.

ఆకాశంలో తిరిగే ఉపగ్రహాల్లో చాలా వాటికీ ఇదే ఇబ్బంది. అవి కెమెరాతో నేలను ఫొటో తీస్తాయి. రాత్రి తీయలేవు. మబ్బు అడ్డొస్తే నేల కనపడదు.

మరి తుఫాను వచ్చేదే మబ్బులతో కదా! 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలు కూలిపోయాయి. వంశధార పొంగింది. ఏ ఊరు మునిగింది? పడవ ఎటు పంపాలి? మబ్బు విడిచేదాకా ఆగితే ఏం లాభం?

రాడార్ ఉపగ్రహం ఇలాంటప్పుడే పనికొస్తుంది. దానికి ఎండ అక్కర్లేదు. కంటికి కనపడని రేడియో తరంగాలను అదే ఏటవాలుగా నేల మీదికి పంపుతుంది. మబ్బులోని నీటి చుక్కలు చాలా చిన్నవి. తరంగాలు వాటిని దాటి వచ్చేస్తాయి. నేలకు తగిలి తిరిగి వెళ్లిన తరంగాలతో బొమ్మ తయారవుతుంది. రాత్రయినా, పగలయినా ఒకటే.

నీరు ఉందని ఎలా తెలుస్తుంది? చీకట్లో అద్దం మీద టార్చిలైటు ఏటవాలుగా వేసి చూడండి. వెలుగు అవతలి గోడ మీద పడుతుంది. మన వైపు రాదు. అద్దం నల్లగానే ఉంటుంది. నిలిచిన నీరూ అంతే, బొమ్మలో నల్లగా కనపడుతుంది. గట్లు, చెట్లు, ఇళ్లు నున్నగా ఉండవు. అవి కొన్ని తరంగాలను వెనక్కి పంపుతాయి. అందుకే తెల్లగానో, బూడిద రంగుగానో ఉంటాయి. వరదకు ముందు బొమ్మ, తర్వాత బొమ్మ పక్కపక్కన పెడతారు. కొత్తగా నల్లబడిన చోటు మునిగిన చోటు. గాలికి నీటి మీద అలలు లేస్తే మాత్రం ఈ నలుపు సరిగా రాదు. చెట్ల కింద నీరు ఒక్కోసారి దొరకనే దొరకదు.

మన దేశం 2012 ఏప్రిల్ 26న శ్రీహరికోట నుంచి రిశాట్-1 ను పంపింది. దాని బరువు 1,858 కిలోలు. అది ఆగిపోయింది. 2022 ఫిబ్రవరి 14న ఈవోఎస్-04 ను పంపారు. ఎత్తు 529 కిలోమీటర్లు. ఇలాంటి ఉపగ్రహం ఏదీ రోజంతా మన నెత్తి మీదే ఉండదు. అందుకని వేరే దేశాల రాడార్ బొమ్మలు కూడా తీసుకుంటారు. హైదరాబాదులోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ వాటితో వరద పటాలు చేస్తుంది.

పటంలో మునిగిన పొలం ఉంటుంది. అది ఎవరిదో ఉండదు. కౌలుకు చేసింది ఎవరో అసలే ఉండదు. ఆ పేర్లు మనుషులే ఊళ్లోకి వచ్చి రాసుకోవాలి. పంట నష్టం జాబితా గోడకు అంటించినప్పుడు పేరు, సర్వే నంబరు, ఎకరాలు చదివి చూసుకోండి. తప్పుంటే ఆ రోజే చెప్పండి.