సుంకం అక్కడ, కోత ఇక్కడ

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువులు చేసే మేం ధరను కౌంట్‌లో మాట్లాడుకుంటాం. కిలోకి 30 రొయ్యలు తూగితే 30 కౌంట్, 100 తూగితే 100 కౌంట్. పెద్ద రొయ్యకు పెద్ద గిరాకీ అమెరికాలోనే. 2025 ఆగస్టు 27న అక్కడ మన సరుకుపై సుంకం 50 శాతానికి చేరేసరికి, ఎక్కువ రోజులు మేపి సైజు పెంచినవాళ్ల గుండె ఆగినంత పనైంది.

సుంకం కట్టేది అక్కడి దిగుమతిదారే. కానీ ఈక్వెడార్ నుంచి వచ్చే, మేం పెంచే ఇదే వనామి రకం రొయ్యకు అప్పుడు 15 శాతమే, పైగా దూరమూ తక్కువ. ఆ తేడా పూడ్చమని అతను మన ఎగుమతిదారుని అడుగుతాడు. ఎగుమతిదారు మా దగ్గర కొనే ధర తగ్గిస్తాడు. మేమెవరిని అడగాలి? ధర వచ్చేదాకా ఆగుదామంటే రొయ్య రోజూ మేత తింటుంది. ఏరేటర్లు తిరగాలి, కరెంటు పోతే డీజిల్ పోయాలి. వైట్ స్పాట్ తెగులు కనపడిందా, ఎంత ధరకైనా పట్టుబడి చేసేయాల్సిందే.

నన్ను ఇంతకంటే కలవరపెట్టేది, మరీ తక్కువ ధరకు అమ్ముతున్నామంటూ అమెరికా 2005 నుంచి వేస్తున్న యాంటీ డంపింగ్ సుంకం. సరుకు దిగినప్పుడు దిగుమతిదారు కట్టేది డిపాజిట్ మాత్రమే. అసలు రేటు ఆ తర్వాతెప్పుడో సమీక్షలో తేలుతుంది. పెరిగితే పాత సరుకుకూ తేడా కట్టాలి. ఆ భయాన్ని కూడా అతను ముందే ధరలో కోసుకుంటాడు. ఇది చాలదన్నట్టు, మన ప్రభుత్వాలు సబ్సిడీలిస్తున్నాయని 2024 చివర్లో మరో 5 శాతం పైచిలుకు సుంకం ఖరారు చేశారు.

యూరప్ సంగతి వేరు, అక్కడ చిక్కు పరీక్షలతో. యాంటీబయాటిక్ అవశేషాల కోసం మన చెరువు రొయ్యల్లో అంతకుముందు 10 శాతం సరుకు పరీక్షించేవారు, 2016లో దాన్ని 50 శాతం చేశారు. దీన్ని అన్యాయమని నేననను. క్లోరాంఫెనికాల్ లాంటి యాంటీబయాటిక్ ఉన్న రొయ్యను నా పిల్లలకే పెట్టను. బాధల్లా ఏమిటంటే, ఒక కంటైనర్‌లో ఎన్నో చెరువుల సరుకు కలుస్తుంది. ఒక్కరు మందు వాడితే కంటైనరంతా వెనక్కి రావచ్చు.

పట్టుబడికి ముందు చెరువులోనే నమూనా తీసి ఆ అవశేషాలున్నాయేమో చూసే ఎలీసా పరీక్ష మనకుంది. ఏ దేశానికి వెళ్లే సరుకైనా, ప్రతి చెరువుకూ ఆ పరీక్ష జరగాలి, రిపోర్టు రైతు చేతికివ్వాలి. వాషింగ్టన్ సుంకం మన మాట వినదు. ఈ పనికి మాత్రం వాషింగ్టన్ అనుమతి అక్కర్లేదు.