ముక్కు కొండ నుంచి వేలిముద్రల దాకా

నగరి దగ్గరి ముక్కు కొండను మీలో చాలామంది చూసే ఉంటారు. దూరం నుంచి మనిషి ముక్కులా కనిపిస్తుంది కనుక దానికా పేరు. పూర్వం మద్రాసు తీరానికి వచ్చే ఓడలవాళ్ళకు ఈ కొండ ఒక గుర్తు. ఎక్కడి నగరి, ఎక్కడి సముద్రం అంటారా? ఒక చిన్న లెక్క చేద్దాం.

భూమి గుండ్రంగా ఉంది కాబట్టి ఎత్తయిన వస్తువే ఎక్కువ దూరానికి కనిపిస్తుంది. ఎత్తును మీటర్లలో తీసుకొని, దాని వర్గమూలాన్ని 3.57తో గుణిస్తే ఆ దూరం కిలోమీటర్లలో వస్తుంది. కొండ ఎత్తు 800 మీటర్లు అనుకోండి. నిజానికి అంతకంటే ఎక్కువే. 800కు వర్గమూలం సుమారు 28.3. గుణిస్తే 101 వచ్చింది కదూ! నగరి నుంచి సముద్రం సుమారు 80 కిలోమీటర్లు. అంటే మబ్బులేని రోజున తీరం దాటి మరో 20 కిలోమీటర్లు పోయినా కొండ కొన కనిపించాలి.

వచ్చేవారికి అది దారి చూపే గుర్తు. మరి వెళ్ళేవారికో?

1860 అక్టోబరు 12న 'ట్రూరో' అనే ఓడ 342 మందితో మద్రాసు విడిచింది. నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవు చేరింది. వాళ్ళంతా నేటాల్ ప్రాంతపు చెరకు తోటల్లో పనికి వెళ్ళిన కూలీలు, వాళ్ళ కుటుంబాలవాళ్ళు. 1911 వరకు ఇలా 1,52,000 మందికి పైగా మన దేశం నుంచి వెళ్ళారు. వారిలో ఉత్తర ఆర్కాటు జిల్లావాళ్ళు ఎందరో ఉన్నారు. మన చిత్తూరు అప్పట్లో ఆ జిల్లాలోనిదే!

ఒప్పందం అయిదేళ్ళు. మొదటి ఏడాది జీతం నెలకు 10 షిల్లింగులు. చీటీ లేకుండా తోట దాటితే శిక్ష. 1895లో మరో చట్టం వచ్చింది. దాని ప్రకారం ఒప్పందం ముగిశాక స్వదేశం పోకుండా, మళ్ళీ కూలికి కుదరకుండా అక్కడే ఉండేవాళ్ళు ఏడాదికి 3 పౌన్లు పన్ను కట్టాలి. పౌనుకు 20 షిల్లింగులు. అది మొదటి ఏడాది కూలిలో ఎన్ని నెలల సంపాదనో మీరే లెక్క కట్టండి.

ఓడ ఎక్కిన ప్రతివారికీ ఒక నంబరు ఇచ్చేవారు. ఆ నంబరు పక్కన పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు, తాలూకా, జిల్లాతో పాటు ఒంటిమీది మచ్చలు కూడా రాసుకునేవారు. ఎందుకో ఊహించగలరా? మనిషి పారిపోతే ఆనవాలు పట్టడానికి!

అయితే పుట్టుమచ్చ, గాయపు మచ్చ ఇద్దరికి ఒకేచోట ఉండవచ్చు. వేలి గీతలు అలా కాదు. తల్లి కడుపులో ఆరో నెల నాటికే అవి స్థిరపడతాయి. కవల పిల్లల్లో కూడా ఒకరివి మరొకరితో కలవవు. వేలిముద్రలను వరుసపెట్టి వెతికే పద్ధతి మన దేశంలోనే తయారైంది. అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ దానికి ఎంతో కృషి చేశారు. పేరు మాత్రం వారి పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీకి దక్కింది. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం ఏర్పడింది. అది నేరస్థులను గుర్తించడానికి.

దక్షిణాఫ్రికాలోనే ఉన్న ట్రాన్స్‌వాల్‌లో 1906లో ఒక ఆర్డినెన్సు తెచ్చారు. ఎనిమిదేళ్ళు దాటిన ప్రతి భారతీయుడూ పేరు నమోదు చేసుకోవాలి, పది వేళ్ళ ముద్రలూ ఇవ్వాలి, అడిగినచోటల్లా కాగితం చూపాలి. ఐరోపావాళ్ళకు ఈ నిబంధన లేదు. నేరం చేయనివారిని నేరస్థులుగా చూడటమేమిటని గాంధీజీ నాయకత్వంలో భారతీయులు ఎదురు తిరిగారు, జైళ్ళకు వెళ్ళారు. 1908లో ప్రభుత్వంతో రాజీ కుదిరినప్పుడు గాంధీజీ తనంతట తానే ముద్రలు ఇచ్చారు. ఆ చట్టం రద్దు కాకపోయేసరికి, అదే ఏడాది ఆగస్టు 16న జొహానెస్‌బర్గులో నమోదు పత్రాలను కుప్పపోసి కాల్చారు. చూశారా! తగవు వేలితో కాదు, సిరాతోనూ కాదు. కొందరినే వేరుచేసి అనుమానించడంతో. మూడు పౌన్ల పన్ను 1914లో రద్దయింది.

ఇప్పుడు ఒక విచిత్రం వినండి. పారిపోతే పట్టుకోవడానికి రాసిన ఆ ఓడ పట్టికలనే, నేడు దక్షిణాఫ్రికాలోని మనవాళ్ళ ముని మనవలు తమ పూర్వీకుల ఊరు తెలుసుకోవడానికి తిరగేస్తున్నారు. గుమాస్తా చెవికి వినిపించినట్టు రాయడంతో ఊళ్ళ పేర్లు పోల్చుకోవడమే కష్టం. అక్కడ మన నాయుడు 'నైడూ' అయిపోయాడు!

మీ బడిలోకి కూడా వేరే రాష్ట్రం నుంచి, వేరే భాష మాట్లాడే పిల్లలు రావచ్చు. వాళ్ళ అమ్మానాన్నలు ఇటుక బట్టీలోనో, మగ్గాల దగ్గరో పనికి వచ్చి ఉంటారు. ముందుగా వాళ్ళ పేరు అడగండి. ఒకటికి రెండుసార్లు పలికించుకొని, సరిగ్గా పలకడం నేర్చుకోండి. తర్వాత అందరూ కలిసి తెల్లకాగితం మీద వేలిముద్రలు వేసి, భూతద్దంతో చూడండి. వంపులు, ఉచ్చులు, సుడులు కనిపిస్తాయి. వాటిలో ఏది ఏ రాష్ట్రంవారిదో చెప్పగలరేమో ప్రయత్నించండి!