విద్యుత్తు నిలిచిన వేళ సర్వరు సంరక్షణ

నివాస సముదాయాల సంఘాలు, చిన్న పాఠశాలలు, ఆడిటర్ల కార్యాలయాలు నేడు తమ లెక్కలను, దస్త్రాలను సొంత సర్వరులో భద్రపరచుకుంటున్నాయి. దానికి యూపీఎస్ అమర్చినంతనే రక్షణ సమకూరిందని పలువురు భావిస్తారు. నిజానికి అది సగం రక్షణ మాత్రమే. యూపీఎస్ కొంత వ్యవధిని ఇస్తుంది. ఆ వ్యవధిలోగా పని ముగించుకొని ఆగవలసిందని సర్వరుకు తెలియజేసే ఏర్పాటు లేకపోతే, ప్రమాదం కొద్ది నిమిషాలు వాయిదా పడుతుంది, అంతే.

సర్వరు కొంత సమాచారాన్ని వెంటనే డిస్కుపై రాయక, కాసేపు మెమరీలో ఉంచుకుంటుంది. విద్యుత్తు హఠాత్తుగా నిలిచిపోతే ఆ భాగం నశిస్తుంది. సగం రాసిన డేటాబేసు తెరుచుకోకపోవచ్చు. రాత్రివేళల్లోను, సెలవు దినాల్లోను సర్వరును ఆపేందుకు దగ్గర ఎవరూ ఉండరు.

కనుక యూపీఎస్ వెనుకనున్న యూఎస్‌బీ పోర్టును కేబులుతో సర్వరుకు కలపాలి. లినక్స్ సర్వర్లకు నెట్‌వర్క్ యూపీఎస్ టూల్స్, ఏపీసీ యూపీఎస్‌లకు ఏపీసీయూపీఎస్‌డీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్లున్నాయి. రెండవదానిలో ముందుగానే ఉండే అమరిక ప్రకారం బ్యాటరీ 5 శాతానికి తగ్గినప్పుడు గాని, 3 నిమిషాల వ్యవధి మిగిలినప్పుడు గాని సర్వరు ఆగుతుంది. పాత బ్యాటరీ చూపే అంచనా నమ్మదగినది కాదు. సర్వరు పూర్తిగా ఆగేందుకు 4 నిమిషాలు పడితే, 10 నిమిషాలు మిగిలి ఉండగానే ఆదేశం అందేలా హద్దును పెంచడం మేలు.

ఒకే యూపీఎస్‌పై పలు సర్వర్లుంటే, కేబులు కలిపిన సర్వరు చివరగా ఆగాలి. ఆదేశాన్ని చేరవేసే నెట్‌వర్క్ స్విచ్‌కు కూడా యూపీఎస్ నుంచే విద్యుత్తు అందాలి. విద్యుత్తు తిరిగి వచ్చినప్పుడు సర్వరు తనంతట తాను మొదలయ్యే అమరికను బయోస్‌లో ఎంచుకోవాలి. సర్వరు ఆగుతుండగానే విద్యుత్తు వస్తే అది ఆగిన స్థితిలోనే ఉండిపోవచ్చు. అందుచేత సర్వరు ఆగిన పిదప యూపీఎస్ తన సరఫరాను ఒకసారి నిలిపి, మరల ఇచ్చేలా అమర్చాలి.

పరీక్షించని ఏర్పాటును నమ్మరాదు. పనివేళలు ముగిసిన తరువాత, డేటాకు నకలు తీసి, గోడపైనున్న స్విచ్చిని ఆపి చూడాలి. ప్లగ్గును పీకరాదు, పీకితే ఎర్తు తెగుతుంది. ఆరు నెలలకొకసారి ఈ పరీక్ష అవసరం.

లెడ్ యాసిడ్ బ్యాటరీలు సాధారణంగా 3 నుంచి 5 ఏళ్లు పనిచేస్తాయి. పాడైనవాటిని ఇంటి చెత్తలో కలపరాదు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం వాటిని వేరుగా ఉంచి, సేకరణకు గాని పునశ్శుద్ధికి గాని అప్పగించడం వినియోగదారుల బాధ్యత.