చేప ఎంత లోతున ఉంది?

గాజులదిన్నె జలాశయంలో ఏ చేప ఏ లోతున తిరుగుతుందో గోనెగండ్ల, ఎమ్మిగనూరు వైపు వలలు వేసేవాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. బొచ్చె పైనీళ్లలో మేస్తుంది, శీలావతి మధ్యలో తిరుగుతుంది, మోసు అడుగు బురదను వెతుక్కుంటుంది. అందుకే వల పైతాడుకు బెండ్లు, కిందితాడుకు సీసం గుండ్లు. హొళగుంద మండలం మీదుగా పారే తుంగభద్ర దిగువ కాలువ గట్టున గాలం వేసే పిల్లలదీ ఇదే లెక్క. బెండును దారం మీద పైకి జరిపితే ఎర లోతుకు పోతుంది.

అమెరికాలో బాస్ చేప కోసం ఫ్లై ఫిషింగ్ చేసేవాళ్లు ఎరను సరైన లోతుకు దించే పనిని లైనుకు, అంటే దారానికే అప్పజెబుతారు. డాలస్ చుట్టూ ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కోల్లో తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డాయి. అక్కడికి తూర్పున గంటన్నర కారు ప్రయాణంలో లేక్ ఫోర్క్ ఉంది. 1980లో కట్ట పూర్తయిన ఈ జలాశయం విస్తీర్ణం సుమారు 27 వేల ఎకరాలు. టెక్సస్ రికార్డుగా నిలిచిన లార్జ్‌మౌత్ బాస్ 1992 జనవరిలో ఇక్కడే పడింది. బరువు 18.18 పౌండ్లు, అంటే ఎనిమిది కిలోల పైమాటే.

మన గాలంలో సీసం ముక్క బరువే దారాన్ని దూరం లాక్కుపోతుంది. ఫ్లై అంటే కొక్కేనికి ఈకలు, బొచ్చు, దారం చుట్టి కట్టిన ఎర. దానికి చెప్పుకోదగ్గ బరువుండదు. కాబట్టి విసిరే బరువంతా లైనులోనే పెడతారు. రాడ్‌తో గాలిలో వెనక్కీ ముందుకీ ఆడించేది లైనును, ఫ్లై దాని వెంట పోతుంది. కొసన సీసం కడితే సరిపోదా? కాస్త బరువైతే ఫరవాలేదు గానీ, ఎక్కువైతే లైను వంపు చెదిరి విసురు పాడవుతుంది. అందుకని ముంచే బరువును కూడా లైను పూతలోనే కలిపారు. తేలే లైను పూతలో సన్నని గాలి బుడగలుంటాయి, మునిగే లైను పూతలో టంగ్‌స్టన్ పొడి ఉంటుంది.

పొడి ఎక్కువయ్యేకొద్దీ లైను వేగంగా దిగుతుంది. డబ్బా మీద చూడాల్సింది ఆ వేగమే, సెకనుకు ఎన్ని అంగుళాలని. ఇంటర్మీడియట్ లైను ఒకటి రెండు అంగుళాలు దిగుతుంది. టైప్ 3 సుమారు మూడు, టైప్ 6 సుమారు ఆరు. పది అడుగులంటే 120 అంగుళాలు కాబట్టి టైప్ 6కు ఇరవై సెకన్లు, టైప్ 3కి నలభై, ఇంటర్మీడియట్‌కు నిమిషం పైనే. లైను నీళ్లను తాకగానే లెక్కపెట్టడం మొదలుపెడతారు. ఇరవై దాకా ఆగి లాగితే కొక్కేనికి నాచు తగులుకుని వచ్చిందనుకోండి, మరుసటి విసురుకు పదిహేడు దగ్గరే లాగాలి. చేప పట్టిన అంకెను గుర్తుపెట్టుకుంటే ఎర మళ్లీ అదే లోతుకు చేరుతుంది.

మరి అన్నిటికంటే వేగంగా మునిగేదే కొనేస్తే పోదా? ఇక్కడే ఆగి ఆలోచించాలి. ఎండాకాలంలో లోతైన జలాశయం నీళ్లు పొరలుగా విడిపోతాయి. పైన వేడినీళ్లు, అడుగున చల్లనీళ్లు, మధ్యలో ఉన్నట్టుండి చల్లబడే పలుచని పొర. గాలి తగిలి ప్రాణవాయువు కలిసేది పైపొరకే. అడుగు పొరలో కుళ్లే ఆకులూ అలములూ ఉన్న కాస్త ప్రాణవాయువునూ తినేస్తాయి, పైనుంచి కొత్తది దిగదు. చల్లగా ఉంది కదా అని బాస్ అక్కడ ఉండలేదు. ఆ మధ్య పొర పదిహేనడుగుల దగ్గరుంటే, ముప్పై అడుగులకు దింపిన ఫ్లై చేపలేని నీళ్లలో ఈదుతుంది. పడవలోని సోనార్ తెర మీద ఆ పొర చాలాసార్లు గీతలా కనిపిస్తుంది. ఫ్లై ఆడాల్సింది దానికి కాస్త పైన. వసంతంలో సంగతి వేరు. నీళ్లు 16–18 డిగ్రీలకు వేడెక్కేసరికి బాస్ గుడ్లు పెట్టడానికి గట్టు వారకు వచ్చేస్తుంది. అప్పుడు టైప్ 6 వేస్తే నేలను గీరడం తప్ప ఉపయోగం లేదు.

ఒక్కటే కొనగలిగినవారికి ఇంటర్మీడియటే మంచిది. మూడడుగుల నుంచి ఎనిమిదడుగుల దాకా ఓపికగా వాడుకోవచ్చు. లోతుల కోసం టైప్ 5 గానీ 6 గానీ విడి స్పూలుకు చుట్టి పెట్టుకుంటే చాలు.

లైను ఎంత బాగా మునిగినా, లైను కొసకూ ఫ్లైకీ మధ్య కట్టే లీడర్ దారం పొడవైతే ఫ్లై పైనే తేలిపోతుంది. తేలే లైనుకు తొమ్మిదడుగుల లీడర్ వాడే చేత్తోనే మునిగే లైనుకు మూడు నుంచి ఐదడుగులు కడతారు. లేక్ ఫోర్క్‌లో ఇంకో చిక్కుంది. నీళ్లలో మునిగిన చెట్ల మోళ్లు బోలెడు. మొత్తం మునిగే లైను కొమ్మల మీద వాలి ఇరుక్కుంటుంది. అలాంటి చోట కొస మాత్రమే మునిగే సింక్ టిప్ లైను నయం, మిగతాది పైన తేలుతూ కంటికి కనిపిస్తుంది. పూర్తిగా మునిగే లైనును మళ్లీ విసరాలంటే నీళ్లలోంచి ఒక్కసారిగా పీకకూడదు. చాలావరకు లోపలికి లాక్కుని, రాడ్‌ను ముందుకు దొర్లించినట్టు ఊపి మిగిలిన లైనును నీటిమీదికి తెచ్చి, అది మళ్లీ మునిగేలోపే వెనక్కి ఎత్తాలి.